14 సెషన్ల థెరపీ, జేబులో ఒక ఆక్సీమీటర్

నా చొక్కా జేబులో రెండేళ్లపాటు పల్స్ ఆక్సీమీటర్ ఉండేది. ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినప్పుడు కొన్నాం. జ్వరం తగ్గిపోయింది, అది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మీటింగులో బల్ల కింద చెయ్యి పెట్టి చూపుడువేలికి తగిలించుకునేవాణ్ణి. ఆక్సిజన్ 98 అని చూపించినా నా కళ్లు పక్కనున్న పల్స్ అంకె మీదే ఉండేవి. 88 అని ఉంటే కాస్త కుదుటపడేవాణ్ణి. 104 అని కనబడిందా, ఇక ఆ మీటింగులో ఎవరేం మాట్లాడారో నా చెవికెక్కేది కాదు. రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటున్నానో లెక్క రాయమని థెరపిస్ట్ చెప్పారు. మొదటి రోజు లెక్క 43.

గుండెపోటు వస్తుందన్న భయానికి నేను తీసుకున్న థెరపీ ఎలా ఉందో చెప్పాలంటే ఆ మిషన్‌తోనే మొదలుపెట్టాలి. నాకు జరిగిన మేలంతా దాన్ని జేబులోంచి తియ్యడం చుట్టూనే జరిగింది.

మా నాన్న 47 ఏళ్లకు గుండెపోటుతో పోయారు. అప్పటికి నాకు 19. నాకు 45 నిండిన ఏడు, ఆఫీసులో ఏడాది ఖాతాలు ముగిస్తున్న రోజుల్లో, కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా ఛాతీ పట్టేసినట్టయింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. చుట్టూ ఉన్న మనుషులు ఎక్కడో దూరంగా ఉన్నట్టు కనిపించారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఈసీజీ, రక్తపరీక్ష అన్నీ బాగున్నాయన్నారు. ఆ తర్వాత ఇంకో నాలుగు ఈసీజీలు, ఒక ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు, థైరాయిడ్ టెస్టు చేయించుకున్నాను. అన్నీ నార్మల్. రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం దాకానే ఆ ధైర్యం. తెల్లారేసరికి "వీటికి దొరకనిదేదో నా లోపల ఉంది" అన్న ఆలోచన వచ్చి కూర్చునేది.

ఆ పరీక్షలు దండగ అని మాత్రం నేను అనను. మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే అది కంగారేలే అని ఎవరూ తమకు తామే తేల్చుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, గుండె లయలో తేడా ఉన్నా ఇలాంటి దడే వస్తుంది. ముందు డాక్టరు చూడాలి, అవన్నీ లేవని తేలాలి. నా తప్పు పరీక్షలు చేయించుకోవడంలో లేదు, అవి బాగున్నాయని తేలాక కూడా మళ్లీ మళ్లీ చేయించుకోవడంలో ఉంది.

థెరపీ అన్న మాటతో నా మొదటి అనుభవం బాగాలేదు. ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్వీసులో చేరాను. అరగంట చొప్పున మాట్లాడేవారు. నాలుగు సెషన్లలో ముగ్గురు మనుషులు మారారు. మా నాన్న ఎలా పోయారో ముగ్గురికీ మొదట్నించీ చెప్పాను. మూడోసారి చెబుతున్నప్పుడు నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ముగ్గురూ నెమ్మదిగా, మర్యాదగానే మాట్లాడారు. పాజిటివ్‌గా ఆలోచించమన్నారు, కళ్లు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోమన్నారు. నాకు అసలు ఏం జరుగుతోందో ఒక్కరూ విడమర్చి చెప్పలేదు. కళ్లు మూసుకుంటే నాకు సముద్రం కాదు, గుండె చప్పుడే వినిపించేది. అక్కడితో మానేశాను. మానేసి ఏడాది ఊరుకున్నాను. ఆ ఏడాది వృథాగా పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఒకచోట కుదరకపోతే ఇంకోచోట వెతకండి అని ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండోసారి గుండె డాక్టరు గారే పంపించారు. అయిదో ఈసీజీ చూసి, కాగితం పక్కన పెట్టి, "మీ గుండె బాగుంది. గుండె గురించిన మీ భయానికి వైద్యం కావాలి. అది చేసేవాళ్లు వేరే ఉన్నారు" అన్నారు. ఆ మాటలో చులకన లేదు. ఒక క్లినికల్ సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి ఉత్తరం రాసిచ్చారు. నేను వెళ్లింది అక్కడికే. మొత్తం 14 సెషన్లు, వారానికొకటి, ఒక్కోటి 50 నిమిషాలు. పద్ధతి పేరు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అందరూ సీబీటీ అంటారు. మన ఆలోచనల్నీ, వాటితో చేసే పనుల్నీ మార్చుకోవడం నేర్పే పద్ధతి. 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు డిప్రెషన్ కోసం మొదలుపెట్టిన దారి ఇది. తర్వాత ఆందోళన జబ్బులకూ విస్తరించింది.

మొదటి రోజు ఏడు ప్రశ్నల కాగితం ఇచ్చారు. దాన్ని జీఏడీ-7 అంటారు, 2006 నుంచి వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా ఉన్నారు, చింత ఆపుకోలేకపోయారా, ఏదో ఘోరం జరగబోతోందని భయపడ్డారా, ఇలాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. నాకు 17 వచ్చింది. లెక్కలు రాసే పని నాది. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేకపోయినదానికి ఒక అంకె దొరికితే ఏడుపొచ్చింది. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదనీ, ఎక్కడున్నామో తెలుసుకోవడానికేననీ మేడమ్ చెప్పారు. నాకున్నది ప్యానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి తీవ్రమైన భయం మళ్లీ మళ్లీ కమ్మేసే జబ్బు అని ఆవిడ తేల్చింది ఆ అంకెతో కాదు, రెండు సెషన్లు ప్రశ్నలడిగాక.

అడిగిన తీరు నాకు బాగా నచ్చింది. చిన్నతనం గురించి తవ్వుతారేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం "చివరిసారి ఎప్పుడొచ్చింది?" అనడిగారు.

"మొన్న బుధవారం, లిఫ్టులో."

"తలుపు మూసుకుంది. ఆ తర్వాత మొట్టమొదట ఏం తెలిసింది మీకు?"

"గుండె ఒకసారి తప్పి కొట్టుకున్నట్టు."

"వెంటనే మనసులో ఏ మాట వచ్చింది?"

"అయిపోయింది, అని."

"ఆ మాట వచ్చాక గుండె?"

"ఇంకా ఎక్కువైంది."

ఆవిడ చెబుతూనే కాగితం మీద గుండ్రంగా గీశారు. గుండెలో చిన్న కదలిక, దానికి నేను చెప్పుకున్న అర్థం, ఆ అర్థంతో వచ్చిన భయం, భయంతో ఒంట్లోకి దిగిన అడ్రినలిన్, దానివల్ల ఇంకా పెద్ద దడ, మళ్లీ మొదటికి. ఈ చక్రాన్ని డేవిడ్ క్లార్క్ అనే ఆయన 1986లో స్పష్టంగా వివరించారట. మామూలు మనిషికి కూడా గుండె అప్పుడప్పుడూ తప్పి కొట్టుకుంటుంది, వాళ్లు పట్టించుకోరు. నేను రోజంతా చెవి అక్కడే పెట్టుకుని కూర్చున్నాను కాబట్టి నాకు ప్రతిదీ వినిపిస్తుంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. లిఫ్టు అని రాసిన చోట ఆవిడ పెన్ను ఇంకు కాస్త అలుక్కుపోయి ఉంటుంది.

నాలుగో సెషన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. అంతకుముందే గుండె డాక్టరు గారి దగ్గర్నించి ఫరవాలేదని రాయించుకు రమ్మన్నారు. ఆ రోజు ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. "ఒక నిమిషం గట్టిగా, వేగంగా ఊపిరి పీల్చి వదలాలి. మీతోపాటు నేనూ చేస్తాను" అన్నారు. చేతిలో ఫోన్ పట్టుకుని టైమర్ పెట్టారు. ఇరవై సెకన్లకు తల తేలికైంది. నలభైకి పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోతున్నట్టు, ఛాతీ బిగుసుకుపోవడం. నేను ఆగిపోయి కుర్చీ పట్టుకున్నాను. నా చెయ్యి జేబు మీదికి వెళ్లిపోయింది. ఆవిడ బుగ్గలూ ఎర్రబడ్డాయి, ఆవిడా రొప్పుతున్నారు.

"లిఫ్టులో వచ్చిందానికీ దీనికీ ఎంత పోలిక ఉంది, 100కి?"

"80."

ఊపిరి కుదుటపడేదాకా ఆగి, నెమ్మదిగా అడిగారు: "నేను మీకు ఒక నిమిషంలో గుండెజబ్బు తెప్పించగలనా?"

ఆ ప్రశ్న దగ్గర నాలో ఏదో సడలింది. అయిదుగురు డాక్టర్లు "మీకేం లేదు" అన్నప్పుడు కలగని నమ్మకం నా ఒంట్లోనే, నా ఊపిరితోనే కలిగింది. తర్వాత కారణం చెప్పారు. భయంలో తెలియకుండానే వేగంగా ఊపిరి తీస్తాం. అవసరానికి మించి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంచెం బిగుసుకుంటాయి, తల తిరిగినట్టుంటుంది, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి. ఊపిరి చాలడం లేదనిపిస్తుంది గానీ నిజానికి ఎక్కువగా తీస్తుంటాం. నా ఆక్సీమీటర్ ప్రతిసారీ 98, 99 చూపించింది అందుకే. స్పృహ తప్పి పడిపోతానన్న భయం గురించి కూడా అడిగాను. మనిషి స్పృహ తప్పేది మామూలుగా రక్తపోటు పడిపోయినప్పుడు, ప్యానిక్‌లో అది పెరుగుతుంది, అందుకే ఇందులో స్పృహ తప్పడం చాలా అరుదు అన్నారు. రక్తం, సూది చూస్తే వచ్చే భయం దీనికి మినహాయింపట, అందులో కొందరు నిజంగానే పడిపోతారు.

ఆ గదిలో మేము తెలుగులోనే మాట్లాడుకున్నాం. అది నాకు చాలా పెద్ద విషయం. మన భాషలో భయం మొత్తం గుండెలోనే ఉంటుంది. గుండె ఝల్లుమంటుంది, గుండె జారిపోతుంది, గుండెల్లో రాయి పడుతుంది, గుండెల్లో రైళ్లు పరుగెడతాయి. ధైర్యం చెప్పాలన్నా గుండె దిటవు చేసుకోమంటాం. గుండె గురించే భయపడే మనిషికి ప్రతి మాటా అక్కడికే తీసుకెళ్తుంది. ఇది గమనించింది మేడమే. ఒక వారం డైరీలో గుండె అన్న మాట వాడకుండా రాయమన్నారు. "గుండె జారింది" అనే చోట "మేనేజర్ పిలిచాడు, భయమేసింది" అని రాయాల్సి వచ్చింది. ఆ వారం నేను రాసినవాటిలో సగానికి పైగా గుండెతో సంబంధమే లేని భయాలని అప్పుడు తెలిసింది.

ఇక ఆక్సీమీటర్. ఇలాంటివాటిని సేఫ్టీ బిహేవియర్స్ అంటారట. ఎప్పుడూ చేతిలో నీళ్ల సీసా, తలుపు పక్క కుర్చీయే ఎంచుకోవడం, మెట్లు ఎక్కకపోవడం, మెడ మీద వేళ్లు పెట్టి నాడి చూసుకోవడం, ఇవన్నీ అందులోవే. వాటితో చిక్కు ఏమిటంటే, గండం గడిచినప్పుడల్లా మనసు ఆ ఖ్యాతి వాటికే ఇస్తుంది. అసలు గండమే లేదని తెలుసుకునే అవకాశం దానికి దొరకదు. కష్టం ఎంతో 0 నుంచి 100 దాకా అంకెలు వేసి జాబితా రాయించారు. నీళ్ల సీసా లేకుండా బయటికెళ్లడం 30. మూడంతస్తులు ఎక్కి నాడి చూసుకోకపోవడం 65. ఆక్సీమీటర్ ఇంట్లో వదిలేసి ఆఫీసుకు వెళ్లడం 90. కిందనుంచి పైకి ఒక్కొక్కటే. ప్రతిదానికీ ముందు ఏం జరుగుతుందనుకుంటున్నానో రాయాలి, తర్వాత ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. మెట్ల దగ్గర ముందు రాసింది "మూడో అంతస్తులో కూలబడతాను". పక్కన రాసింది "చెమట పట్టింది, రొప్పు వచ్చింది, ఆరు నిమిషాల్లో తగ్గింది".

ఆక్సీమీటర్ వదిలిన రోజు పదిన్నరకు దడ మొదలైంది. బాత్రూంలోకి పారిపోలేదు, ఫోన్ తియ్యలేదు, సీట్లోనే ఉన్నాను. ప్యానిక్ మామూలుగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి దిగడం మొదలెడుతుందని చెప్పి ఉన్నారు. చేతులు వణుకుతుండగానే ఒక ఇన్వాయిస్ పూర్తిచేశాను. అందులో ఒక అంకె తప్పు పడింది, మధ్యాహ్నం దిద్దుకున్నాను. అది ఎలా దిగిపోయిందో మొదటిసారి చివరిదాకా చూశాను.

ఆరో సెషన్‌కు మా ఆవిణ్ణి రమ్మన్నారు. నేను రాత్రిళ్లు లేచి "నాకేం కాదుగా?" అని అడిగేవాణ్ణి, తను "ఏం కాదండీ, పడుకోండి" అనేది. ఆ జవాబు కూడా ఆక్సీమీటర్ లాంటిదేనని మేడమ్ ఇద్దరికీ వివరించారు. ఇకమీదట "ఇది కంగారు అడుగుతున్న ప్రశ్న, దీనికి నేను జవాబు చెప్పను, పక్కనే ఉంటాను" అనమన్నారు. అప్పుడు తను ఏడ్చేసింది. "ఏం చెబితే ఈయనకు తగ్గుతుందో, చెప్పింది తప్పయితే ఎలాగో అని రెండేళ్లుగా నేనూ నిద్రపోలేదండీ" అంది. నా భయం ఇంట్లో ఇంకొకరి మీద ఎంత బరువు పెట్టిందో నాకు ఆ రోజే తెలిసింది. ఇంటి మనుషుల్ని ఒక్క సెషన్‌కైనా పిలవని థెరపిస్ట్ అయితే మీరే అడగండి.

తొమ్మిదో సెషన్‌కు ముందు వెనక్కి జారాను. నాకు 47 ఏళ్లు వచ్చాయి, నాన్న పోయిన వయసు. ఆ వారం రోజుకు చూసుకునే లెక్క మళ్లీ 20 దాటింది. మేడమ్ మందలించలేదు. "మీ నాన్నగారి ఆఖరి వారం గురించి చెప్పండి" అన్నారు. ఆయన మూడు రోజులు భుజం నొప్పి అన్నారు. దిండు సరిగ్గా లేక అన్నారు. అమ్మ డాక్టరు దగ్గరికి వెళదామంటే ఆదివారం చూద్దాం అన్నారు. చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. ఆయన పట్టించుకోలేదు కాబట్టి నేను ఒక్క క్షణం కూడా ఏమరకూడదు. ఇన్నేళ్లూ ఇది భయం అనుకున్నాను, లోపల ఇది ఆయనకు నేను బాకీ పడిన కాపలా. ఆ 50 నిమిషాలూ గుండె గురించి కాదు, నాన్న గురించే మాట్లాడుకున్నాం.

దాని తర్వాత చేసిన పని ఆచరణలో నాకు అన్నింటికంటే ఉపయోగపడింది. గుండె డాక్టరు గారితో మాట్లాడి ఒక కాగితం రాసుకున్నాం. శ్రమ చేస్తుంటే వచ్చి విశ్రాంతి తీసుకుంటే తగ్గే ఛాతీ నొప్పి, చేతికో దవడకో పాకే నొప్పి, నొప్పితో పాటు చల్లని చెమట, వికారం, నిజంగా స్పృహ తప్పడం. వీటిలో ఏది వచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి, ఇది కంగారేమో అని తర్జనభర్జన పడకూడదు. ఏడాదికోసారి చెకప్. మిగతా రోజుల్లో కాపలా అక్కర్లేదు. నాన్నకు దొరకనిది ఆ కాగితంలో ఉంది, అది బీరువాలో ఉంటే చాలు.

మందుల గురించి కూడా చెప్పాలి, అడిగేవాళ్లుంటారు. నాకు 17 వచ్చిందని మేడమ్ సైకియాట్రిస్ట్‌ను కూడా కలవమన్నారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే, ఆందోళనకూ డిప్రెషన్‌కూ వాడే రకం మందు తక్కువ మోతాదులో ఇచ్చారు. మొదటి పది రోజులు కంగారు తగ్గకపోగా కొంచెం పెరిగింది. అలా జరగొచ్చని ముందే చెప్పి ఉండకపోతే మానేసేవాణ్ణి. నాలుగో వారంలో నిద్ర కుదురుకుంది. ఇప్పటికీ వాడుతున్నాను, తగ్గించేది డాక్టరు గారు చెప్పినట్టే. థెరపీ చాలక మందు వేసుకున్నానని నేను అనుకోవడం లేదు. మెట్లెక్కేంత బలం అది ఇచ్చింది, ఎక్కడం థెరపీ నేర్పింది.

నచ్చనివీ ఉన్నాయి. 50 నిమిషాలంటే ఖచ్చితంగా 50 నిమిషాలే. నాన్న గురించి మాట్లాడిన రోజు కళ్లు తుడుచుకుంటూనే బయటికి రావాల్సి వచ్చింది. బయట కూర్చునే చోట మనుషుల ఎదురుగా కుర్చీలు, కాస్త చాటు లేదు. ఇంట్లో రాసుకు రమ్మని ఇచ్చే హోంవర్క్ కాగితాల్లో తెలుగు ఎక్కణ్ణుంచో తర్జుమా చేసినట్టు బిగుసుకుపోయి ఉంది. "స్వయంచాలక ప్రతికూల ఆలోచన" అని ఒక గడి. అది కొట్టేసి "టక్కున వచ్చిన మాట" అని రాసుకుంటానంటే మేడమ్ సరేనన్నారు. ఇవేవీ మళ్లీ వెళ్లకుండా ఆపేంతవి కాదు గానీ, ఆ కూర్చునే చోటు మాత్రం వాళ్లు మార్చాలి.

మీరు థెరపిస్ట్‌ను వెతుకుతుంటే మొదటి రోజే అడగండి: ఏ పద్ధతి, ఎన్ని సెషన్లు అనుకుంటున్నారు, తగ్గుతోందని మనకెలా తెలుస్తుంది, భయపడేవాటిని ఎదుర్కొనే పని చేయిస్తారా, ప్రతిసారీ ఒకే మనిషి ఉంటారా. విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి. వారంలో రోజూ కొంత హోంవర్క్ చెయ్యడానికి సిద్ధపడే వెళ్లండి. నేను రాయని వారాల్లో ఏ మార్పూ రాలేదు. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో ఎవరికైనా చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

14వ సెషన్‌లో మళ్లీ ఆ ఏడు ప్రశ్నలు ఇచ్చారు. 6 వచ్చింది. దడ ఇంకా వస్తుంది, నెలకు ఒకటి రెండుసార్లు. లిఫ్టు ఎక్కుతున్నాను. ఆక్సీమీటర్ ఇంట్లో మందుల డబ్బాలో ఉంది, జ్వరాలకు.

మూడు నెలల తర్వాత ఒక ఫాలో-అప్ ఉంది. అడగాల్సింది ఒకటి ఇప్పటికే డైరీలో రాసిపెట్టుకున్నాను. పగలు వచ్చే దడ నాకు పట్టుబడింది. నిద్రలోంచి, కల కూడా లేకుండా, దడతో లేచి కూర్చునే రాత్రి ఒకటి గడిచింది మొన్న. అప్పుడు టక్కున ఏ మాట వచ్చిందో ఎంత వెతికినా దొరకలేదు. మాట లేని చోట ఆ గడిలో ఏం రాయాలో మేడమ్‌ను అడగాలి.